సాగాల్లో ఎవరూ ఎందుకు ఏడవరు?

ప్రశ్న: లెక్కల మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. రాజమండ్రిలో ఉంటాం. మా అమ్మాయి స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. మనవరాలికి ఆరేళ్ళు. నవంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళి కొన్ని నెలలు ఉండి రావాలనుకుంటున్నాం. ఈలోపు అక్కడి సాహిత్యం కాస్త తెలుసుకుందామని ఐస్‌లాండు సాగాల (అంటే అక్కడి పాత వచన కథల) ఇంగ్లీషు అనువాదం, లావుపాటి పుస్తకం తెప్పించాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ పక్కన పడేశాను. పేర్లన్నీ థోర్‌తోనే మొదలవుతాయి. జనం టపటపా చస్తారు గానీ ఒక్కరూ ఏడవరు. రాసినాయన పోలీసు ఎఫ్ఐఆర్ రాసినట్టు రాసుకుంటూ పోయాడు. పోనీ ఇప్పటివాళ్ళను చూద్దామని నోబెల్ వచ్చిన నార్వే రచయిత యోన్ ఫోసె నవల పట్టుకుంటే దాంట్లో ఫుల్‌స్టాపే లేదు. ఆ కొసకీ ఈ కొసకీ ఏమైనా సంబంధం ఉందా? ఏ వరసలో చదవాలి? మా ఆవిడైతే "ఎవరో ఎప్పుడో నరుక్కుంటే మీకెందుకండీ, లైటార్పండి" అంటోంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, నమస్కారం.

మీ ఎఫ్ఐఆర్ మాట దగ్గరే మొదలుపెడతాను. మీరు విసుగుతో అన్నారు గానీ ఆ మాట అక్షరాలా నిజం. ఎఫ్ఐఆర్‌లో ఏముంటుంది? ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, చేతిలో ఏముంది, ఏమన్నాడు, ఏం చేశాడు. మనసులో ఏమనుకున్నాడో ఉండదు. దానికి సాక్షి లేడు కదా. సాగా రాసినవాడూ పక్కన నిలబడి చూసినవాడు చెప్పగలిగిందే రాస్తాడు, మనిషి తలలోకి దూరడు.

ఆ సమాజమే అలాంటిది లెండి. సుమారు 870 నుంచి నార్వే వైపునుంచి వలస వచ్చినవాళ్ళు ఐస్‌లాండులో స్థిరపడ్డారు. 930లో ఆల్‌థింగ్ అనే సభ పెట్టుకున్నారు. రాజు లేడు, పోలీసు లేడు. చట్టాన్ని కంఠస్థం చేసిన పెద్ద ఒకాయన ఏటా మూడోవంతు చొప్పున మూడేళ్ళలో మొత్తం చదివి వినిపించేవాడు. తీర్పు వస్తుంది గానీ అమలు చేసే నాథుడు ఉండడు, గెలిచినవాడే అమలు చేసుకోవాలి. కాబట్టి ఎవరు ముందు కత్తి తీశారు, సాక్షి ఎవరు అనేవి వాళ్ళకు ప్రాణంతో సమానమైన సంగతులు. ఆ రోజుల కథల్ని రెండు మూడు వందల ఏళ్ళ తర్వాత, 13వ శతాబ్దంలో, దూడ చర్మాల మీద రాసుకున్నారు. మిగతా యూరప్‌లో చదువుకున్నవాళ్ళు చాలామంది లాటిన్‌లో రాస్తుంటే వీళ్ళు ఇంట్లో మాట్లాడే భాషలో, మామూలు వచనంలో రాశారు.

ఇక ఏడుపు సంగతి. మీ లావు పుస్తకంలో ఎగిల్ సాగా ఉంటే చివరి వైపుకు తిప్పండి. ఎగిల్ అంటే ఏడేళ్ళు నిండకుండానే గొడ్డలితో తోటి పిల్లవాణ్ణి చంపిన ఘనుడు. పెద్ద కవి కూడా. ముసలితనంలో అతని కొడుకు బొద్వర్ కలప తెస్తూ పడవ మునిగి చచ్చిపోయాడు. ఎగిల్ వెళ్ళి శవాన్ని వెతికి, గుర్రం మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, తన తండ్రి సమాధి దిబ్బలోనే పెట్టాడు. అప్పుడు రచయిత చెప్పేది ఇంతే: ఆ రోజు ఎగిల్ ఒంటికి బిగుతైన చొక్కా వేసుకున్నాడు, ఒళ్ళు ఉబ్బిపోయి ఆ చొక్కా, కాళ్ళ తొడుగులు చిరిగిపోయాయని అంటారు.

అంతే. "దుఃఖం" అన్న మాట లేదు. బట్టలు చిరిగాయి, అది సాక్షి చూశాడు.

ఆ తర్వాత ఎగిల్ పడకగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. తిండి లేదు, నీళ్ళు లేవు. మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. తల్లి కబురంపితే కూతురు థోర్‌గెర్డ్ వచ్చింది. భోంచేశావా అని తల్లి అడిగితే లోపలికి వినపడేలా గట్టిగా, "లేదు, ఇక పైలోకంలో ఫ్రేయా దేవత దగ్గరే నా భోజనం. నాన్న దారే నాదీ" అంది. ఆ మాటకు ఎగిల్ తలుపు తీశాడు. లోపలికెళ్ళి ఇంకో మంచం మీద పడుకుంది. కాసేపటికి ఏదో నములుతున్న చప్పుడు. ఏమిటమ్మా అది? సముద్రపు నాచు నాన్నా, తింటే ఇంకా త్వరగా పోతామట. అయితే నాకూ పెట్టు. నాచు ఉప్పన కదా, దాహం వేసింది. మంచినీళ్ళడిగితే తాగే కొమ్ము అందించారు, ఎగిల్ గటగటా తాగాడు. "మనల్ని మోసం చేశారు నాన్నా, అవి పాలు" అంది కూతురు. ఎగిల్ ఆ కొమ్ముకు నోరందినంత ముక్క కొరికి నేలకేసి కొట్టాడు. ఇక చావడం కుదరదని తేలిపోయాక ఆ పిల్ల అన్నమాట చూడండి: "ఇంకొన్నాళ్ళు బతికి బొద్వర్ మీద పద్యాలు కట్టు, నేను కర్ర మీద చెక్కుతాను. ఆ పైన చావాలనిపిస్తే చద్దాం." పద్యం కడుతున్నకొద్దీ ముసలాయనకు ఓపిక వచ్చింది. పూర్తయ్యాక మంచం దిగి తన పెద్దపీట మీద కూర్చున్నాడు.

ఇది చదివాక కూడా మీకు పొడిగానే అనిపిస్తే పుస్తకం ఎవరికైనా ఇచ్చేయండి, నేనేమీ అనుకోను.

పేర్ల గొడవ అంత పెద్దది కాదు. రామారావు, రామకృష్ణ, సీతారామయ్య, రాంబాబు, రామలక్ష్మి... మన పెళ్ళి శుభలేఖ ఒకటి ఐస్‌లాండు వాడి చేతిలో పెడితే వాడూ మీలాగే నెత్తి పట్టుకుంటాడు. వాళ్ళకు థోర్ దేవుడు, మనకు రాముడు. పైగా వాళ్ళలో చాలామందికి ఇంటిపేరు లేదు, ఇప్పటికీ. తండ్రి పేరుకు కొడుకైతే "సన్", కూతురైతే "దోత్తిర్" తగిలిస్తారు. పాత నోటుపుస్తకంలో ఒక పేజీకి ఒక వంశవృక్షం గీసుకోండి. మీకు చెప్పాలా, బోర్డు మీద బొమ్మ గీయకుండా ఏ లెక్కైనా చెప్పారా మీరు? మొదట్లో వచ్చే వంశావళులు ఐస్‌లాండు వాళ్ళకు ముఖ్యం, మన ముత్తాతలు ఏ రేవులో దిగారన్న లెక్క అది. మీరు కళ్ళతో తడిమి వదిలేయొచ్చు.

లావు పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకండి. హ్రాఫ్న్‌కెల్ సాగా ముందు చదవండి. నలభై పేజీల లోపే, ఒక్క సాయంత్రం పని. హ్రాఫ్న్‌కెల్ అనే పెద్దమనిషికి ఒక గుర్రం. దాన్ని దేవుడికి సగం రాసిచ్చాడు, తన మాట లేకుండా ఎక్కినవాణ్ణి చంపుతానని ఒట్టేశాడు. గొర్రెలు తప్పిపోయి వెతకడానికి పాలేరు కుర్రాడు ఎక్కాడు. గుర్రం బురద కొట్టుకుపోయి యజమాని గుమ్మం ముందుకొచ్చి సకిలించింది. కుర్రాణ్ణి క్షమించాలని హ్రాఫ్న్‌కెల్‌కు ఉంది, కానీ ఒట్టు ఉంది. అక్కణ్ణుంచి కోర్టు, అవమానం, ఏళ్ళ తరబడి ఓపిక, మళ్ళీ దెబ్బ. ఎవరిది న్యాయమో రచయిత చెప్పడు. నేను రెండుసార్లు చదివి రెండుసార్లూ వేరే తీర్పు ఇచ్చుకున్నాను.

ఈ చిన్న పుస్తకానికి ఇంకో కథ ఉంది. 1942లో హాల్డోర్ లాక్స్‌నెస్ అనే నవలాకారుడు దీన్ని ఇప్పటి స్పెల్లింగులో అచ్చు వేయించాడు. పాత గ్రంథాలను అలా ముట్టుకోకూడదని అంతకుముందు ఏడాదే చట్టం తెచ్చారు, కేసు పెట్టి జరిమానా వేశారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. స్పెల్లింగు మీద అంత పట్టింపు వాళ్ళకు. అరసున్నాల మీద కొట్టుకున్న జాతి మనది, నవ్వడానికి లేదు.

తర్వాత న్యాల్ సాగా. ఇది 1280 ప్రాంతంలో రాసింది, అన్నిట్లోకీ పెద్దది. నేను మొదటిసారి యాభయ్యో పేజీ దగ్గర వదిలేసిన పుస్తకం కూడా ఇదే. మొదటి అధ్యాయం చదివి, 2 నుంచి 8 దాకా అడ్డంగా తిప్పేసి, హల్‌గెర్డ్ అనే అమ్మాయి పెళ్ళి దగ్గర పట్టుకోండి. ఆమెకు మూడు పెళ్ళిళ్ళు, మూడు చెంపదెబ్బలు. లెక్క పెడుతూ చదవండి. మూడో మొగుడు గున్నర్, విలుకాడు. శత్రువులు ఇల్లు చుట్టుముట్టిన రోజున ఒకణ్ణి చూసి రమ్మని పైకప్పు ఎక్కిస్తారు. వాడు పొట్టలో పోటుతో జారి వస్తాడు. గున్నర్ ఇంట్లో ఉన్నాడా అని అడిగితే, "అది మీరే కనుక్కోండి. ఆయన బల్లెం మాత్రం ఇంట్లోనే ఉంది" అని పడి చస్తాడు. కాసేపటికి గున్నర్ వింటినారి తెగుతుంది. హల్‌గెర్డ్‌ను, నీ జుట్టులోంచి రెండు పాయలివ్వు, నారి పేనుకుంటాను అంటాడు. దానిమీద ఏమైనా ఆధారపడి ఉందా అంటుంది. నా ప్రాణం ఆధారపడి ఉంది అంటాడు. అయితే నువ్వు కొట్టిన చెంపదెబ్బ గుర్తు చేస్తున్నాను, అంటుంది. ఎవరి పేరు వాళ్ళు నిలుపుకుంటారు, నిన్ను మళ్ళీ అడగను అంటాడు గున్నర్. మళ్ళీ అడగడు కూడా.

మధ్యలో పద్యాలు వస్తాయి, అనువాదంలో అవి రాళ్ళలా తగులుతాయి. దాటేయండి, కానీ వాటి కట్టుబాటు తెలిస్తే మీకు సరదా. పాదానికి ఆరు అక్షరాలు. రెండేసి పాదాలను ముందు ధ్వని కలిపి కట్టాలి, మన యతి లాంటిది. సరిపాదాల్లో పూర్తి ప్రాస ఉండాలి. బేసిపాదాల్లో అచ్చు మారినా హల్లు అదే ఉంటే చాలు, అంటే మన ద్వితీయాక్షర ప్రాస లాంటిదే, కాకపోతే ఒకే పాదం లోపల. ఒకరికొకరు ముఖం ఎరగని రెండు భాషలు ఒకేలాంటి గొలుసు తగిలించుకున్నాయి.

తర్వాతి నాలుగైదు వందల ఏళ్ళు మీరు హాయిగా దాటేయొచ్చు. ఒక్క సంగతి మాత్రం. ఐస్‌లాండు పేదరికంలో పడ్డ రోజుల్లో ఆర్ని మాగ్నుసన్ అనే పండితుడు ఇల్లిల్లూ తిరిగి ఈ చర్మపు పుస్తకాలను పోగుచేసి కోపెన్‌హాగన్ చేర్చాడు. 1728లో ఆ నగరం తగలబడినప్పుడు కొన్ని పోయాయి, చాలావరకు బయటపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చాక మా పుస్తకాలు మాకివ్వమని ఐస్‌లాండు డెన్మార్కును అడుగుతూనే ఉంది. 1971 ఏప్రిల్ 21న యుద్ధనౌక మీద మొదటి రెండూ తిరిగి వచ్చాయి. అందులో ఒకదానికి 113 దూడల చర్మం పట్టిందట. రేవుకు జనం విరగబడి వచ్చారు, పుస్తకాల కోసం.

ఇక నార్వే నాటకకర్త ఇబ్సెన్. వరస గురించి అడిగారు కదా, సాగా అయ్యాక నేరుగా ఈయన దగ్గరికి రండి. కుర్రతనంలో ఇబ్సెన్ సాగాల కథలు తీసుకుని నాటకాలు రాశాడు. ఆ పని తర్వాత మానేశాడు గానీ అక్కడ పట్టుబడిన విద్య మానలేదు. 'బొమ్మరిల్లు' నాటకం 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగన్‌లో మొదటిసారి ఆడారు. చివర్లో నోరా భర్తనూ పిల్లలనూ వదిలి వెళ్ళిపోతుంది, కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినపడుతుంది, తెర పడుతుంది. ఆ తర్వాత ఏమైందో లేదు. జర్మనీలో ఒక నటి, నా పిల్లల్ని వదిలి నేనైతే వెళ్ళను, ముగింపు మార్చమని పట్టుబట్టింది. ఇంకెవరో పాడుచేసే బదులు నేనే పాడుచేస్తానని ఇబ్సెనే మార్చి ఇచ్చాడు, ఇచ్చి దాన్ని తన నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యం అన్నాడు. మన కన్యాశుల్కం తొలి ప్రదర్శన 1892. రెండూ ఒకే కాలపు నాటకాలని గుర్తు పెట్టుకుని చదివితే, మధురవాణి నోటికి ఎంత మాట ఉందో, నోరాకు చివరి అంకం దాకా ఎంత మాట లేదో తెలుస్తుంది.

లాక్స్‌నెస్‌ను వదలకండి. నన్నడిగితే ఈ మొత్తంలో మీకు అందరికన్నా దగ్గరయ్యేది ఆయన రాసిన 'ఇండిపెండెంట్ పీపుల్'. 1934–35లో రెండు భాగాలుగా వచ్చింది. బ్యార్తూర్ అనే రైతు 18 ఏళ్ళు పాలేరుగా చేసి కాస్త కొండనేల, కొన్ని గొర్రెలు సంపాదిస్తాడు. ఎవరికీ బాకీ లేకుండా బతకడమే అతని మతం. తప్పిపోయిన ఒక గొర్రె కోసం మంచు తుపానులో ప్రాణాలకు తెగించి తిరుగుతాడు. ఆ గొర్రెను ఆకలికి ఆగలేక ఇంట్లో భార్యే కోసుకు తినేసిందని అతనికి తెలియదు. తిరిగొచ్చేసరికి భార్య పురిట్లో చచ్చిపడి ఉంటుంది, కుక్క పసిబిడ్డను ఒంటి వేడితో కాచుకుని ఉంటుంది. ఏడుస్తాడా? పక్క ఊరివాళ్ళ దగ్గరికి వెళ్ళి వాతావరణం గురించి, గొర్రెల గురించి మాట్లాడి, మాటల మధ్యలో అసలు సంగతి బయటపెడతాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో గొర్రెలకు ధర వస్తుంది, ఊరంతా అప్పు చేసి ఇళ్ళు కడుతుంది, యుద్ధం అయిపోయాక ధర పడిపోతుంది. ఆ తర్వాతి అధ్యాయాలు గోదావరి జిల్లాల్లో ఎవరికైనా చదివి వినిపించండి, ఐస్‌లాండు అని చెప్పకపోయినా అర్థమవుతుంది. ఈయనకు 1955లో నోబెల్ వచ్చింది.

నేలను నమ్ముకున్న రైతు మీదే రాసిన ఇంకొకాయన నార్వే రచయిత క్నూట్ హామ్సున్, 1920 నోబెల్. 'హంగర్' అద్భుతం. అయితే హామ్సున్ నాజీలను వెనకేసుకొచ్చాడు, నోబెల్ పతకాన్ని గోబెల్స్‌కు పంపాడు, హిట్లర్ చచ్చిపోతే నివాళి రాశాడు. చదవండి, కానీ ఇవి తెలిసి చదవండి.

ఇక మీ ఫుల్‌స్టాప్ లేని ఫోసె. 2023 నోబెల్ ప్రశంసలోనే ఉంది, చెప్పలేనిదానికి గొంతు ఇచ్చాడని. మీరడిగిన సంబంధం నాకు కనపడేది ఇక్కడే. సాగా రచయిత చెప్పకుండా వదిలేసినదాని చుట్టూనే ఫోసె తిరుగుతుంటాడు, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అంటూ. ఇంకో చిన్న సంగతి మీకు నచ్చుతుంది. నార్వేకు రాతభాషలు రెండు. డెన్మార్కు పాలన 1814లో పోయినా రాత మాత్రం డేనిష్‌గానే మిగిలింది. ఈవర్ ఓసెన్ అనే రైతుబిడ్డ పల్లెలు తిరిగి జనం నోటిమాటలు ఏరి, 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వేసి కొత్త రాతభాష కట్టాడు. మన గిడుగు వారి పోరాటానికి అర్ధశతాబ్దం ముందు మాట. గిడుగు వారు గెలిచారు. ఓసెన్ భాష మాత్రం ఇవాళ్టికీ చిన్న వాటాగానే ఉంది, ఫోసె రాసేది అందులోనే. మీరు పట్టుకున్నది పెద్ద నవలై ఉంటుంది. దాన్ని మూసేసి 'మార్నింగ్ అండ్ ఈవెనింగ్' తీసుకోండి, వంద పేజీల పైచిలుకు. ఒక జాలరి పుట్టిన రోజు, ఆ తర్వాత ముసలివాడైన అతని ఒక ఉదయం. ఒళ్ళు తేలిగ్గా ఉందే, ఏదో తేడాగా ఉందే అనుకుంటుంటాడు. ఆ తేడా ఏమిటో అతనికన్నా మీకు ముందు తెలుస్తుంది.

లెక్కల మాస్టారు కాబట్టి వరసతో పనిలేకుండా ఒక పుస్తకం: డెన్మార్కు కవయిత్రి ఇంగెర్ క్రిస్టెన్సెన్ 1981లో వేసిన 'ఆల్ఫబెట్'. మొదటి పద్యం ఒక్క పాదం: ఆప్రికాట్ చెట్లు ఉన్నాయి, ఆప్రికాట్ చెట్లు ఉన్నాయి. రెండోది 2 పాదాలు, తర్వాత 3, 5, 8, 13, 21... గుర్తుపట్టారుగా. ముందున్న రెండూ కలిపితే తర్వాతది వచ్చే ఈ వరసకు ఫిబొనాచ్చి పేరు పెట్టారు గానీ, లఘువు ఒకటి గురువు రెండు చొప్పున ఇన్ని మాత్రలను ఎన్ని రకాలుగా పేర్చొచ్చు అని లెక్కవేస్తూ మన హేమచంద్రుడు అంతకు ముందే ఈ వరస చెప్పాడు. నాలుగు మాత్రలకు ఐదు రకాలు, వేసి చూసుకోండి. ఉన్నవాటి జాబితాలో చెట్లు, పావురాలు అయ్యాక అణుబాంబు కూడా వస్తుంది. ఒక్కో పద్యానికి ఒక్కో అక్షరం చొప్పున వెళ్ళి 14వ అక్షరం ఎన్ దగ్గర ఆపేసింది ఆవిడ. ఎన్ దగ్గరే ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఊరు వెళ్ళాక: డిసెంబరులో గోథెన్‌బర్గ్‌లో మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి. యోటాప్లాట్‌సెన్ కూడలిలో నగర గ్రంథాలయం ఉంది, మీ అమ్మాయి కార్డు మీద తెచ్చుకోండి. 20 క్రోనర్ల నోటు చేతికొస్తే దాని మీదున్నది పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అని మనవరాలికి చూపించండి. బహుశా తనే మీకు చెబుతుంది. అక్కడి డిటెక్టివ్ నవలల గొడవంతా తెలియాలంటే షోవాల్, వాలో జంట మొదటి నవల 'రోసానా', 1965, ఒక్కటి చాలు. యోటా కాలువలో పూడిక తీస్తుంటే శవం దొరుకుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడమే చదవాలి.

సాగాలు మాత్రం పైకి చదవండి. పాత ఐస్‌లాండు ఇళ్ళలో చలికాలపు రాత్రులు ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు ఉన్ని పని చేసుకుంటూ వినేవాళ్ళు. మీ ఆవిడగారు లైటు తీయమన్నా ఎగిల్ పాల కొమ్ము దాకా ఒక్క రాత్రి వినిపించి చూడండి.

ఆవిడకు విడిగా ఒకటి. టూవె యాన్సన్ 1972లో రాసిన 'సమ్మర్ బుక్'. రాసినావిడది ఫిన్లాండు, భాష స్వీడిష్. ఒక చిన్న దీవిలో నాయనమ్మ, ఆరేళ్ళ మనవరాలు. పడవలు, పురుగులు, అలకలు, దేవుడున్నాడా లేడా అన్న వాదన. ఆ పిల్ల తల్లి గురించి పుస్తకం మొత్తానికీ సగం వాక్యం ఉంది, మొదట్లోనే. ఎక్కడుందో ఆవిడకు ముందే చెప్పకండి. చదువుతూ చదువుతూ ఆవిడ వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకుంటే, ఆ రాత్రి లైటు మీరు ఆర్పండి.